ఎవరు ఎవర్ని పోషించారు? దొరల పుస్తకాల్లో మన జమాఖర్చు

తెలుగునాట పాత బాప్టిస్టు సంఘమో, లూథరన్ సంఘమో నూరేళ్ల పండగ చేసుకుంటే ఒక సావనీర్ వేస్తుంది. మేము అలాంటివి చాలానే తిరగేశాం. మొదటి పేజీల్లో దొరల ఫోటోలు, దొరసానుల ఫోటోలు. ఏ దొర ఏ సంవత్సరంలో ఓడ ఎక్కాడు, ఏ దొరసాని బడి కట్టించింది, సముద్రం అవతల ఏ సంఘం ఎంత డబ్బు పంపింది అన్నీ తేదీలతో సహా ఉంటాయి. మనోళ్లు వెనక పేజీల్లో ఉంటారు. సగం పేర్లకు ఇంటిపేరుండదు. తేదీలు అసలే ఉండవు. "తొలి విశ్వాసులు" అని ఒక గ్రూపు ఫోటో వేస్తారు, కింద ఎవరు ఎవరో రాసి ఉండదు. ఇచ్చినవాడి చరిత్ర ముందు పేజీ, పుచ్చుకున్నవాడి చరిత్ర వెనక పేజీ. ఈ అమరికను మనవాళ్లే చేతులారా చేసుకుంటున్నారు. అయితే మొదట దాన్ని కుదిర్చింది మనవాళ్లు కాదు. ఒంగోలు మిషన్ గురించి వచ్చిన రెండు ఇంగ్లీషు పుస్తకాలను దగ్గర పెట్టుకుని ఆ సంగతి మాట్లాడుకుందాం.

మొదటిది 1899లో లండన్లో అచ్చయిన 'వైల్ సోయింగ్ శాండల్స్'. చెప్పులు కుడుతూ అని అర్థం. రాసినామె ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. రెండోది 1914లో వచ్చిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. ఇది ఆమె భర్త, మనోళ్లు క్లౌ దొర అని పిలుచుకునే జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ. ఆయన చెప్తూపోతే ఆమె రాసిపెట్టింది. ఆయన 1910లో చనిపోయాక పుస్తకం బయటికొచ్చింది. రెండూ మాదిగల గురించిన పుస్తకాలే గాని మాదిగలు చదవడానికి రాసినవి కావు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఆదివారం గుడికెళ్లి, చందాపెట్టెలో నాణెం వేసే మనుషుల కోసం రాసినవి. ఈ ఒక్క మాట మర్చిపోతే వీటిని తప్పుగా చదువుతాం.

ఆ నాణెం సంగతి ముందు చూద్దాం. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది, 1840 నుంచి నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా ఫలితం కనపడలేదు. మిషన్ మూసేద్దామన్న మాట ఒకసారి కాదు, పలుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీ పట్నంలో సభ జరిగింది. పటంలో బర్మా వైపు ఎన్నో కేంద్రాలు, తెలుగు వైపు నెల్లూరు ఒక్కటే. దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ స్మిత్ ఆ నక్షత్రం మీద రాత్రికి రాత్రి పద్యం కట్టాడు, మర్నాడు సభలో చదివారు, మిషన్ బతికింది. ఈ కథ మన సంఘాల్లో ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటారు. మాకు అందులో కనపడేది వేరు. డబ్బు రావాలంటే ఒక బొమ్మ కావాలి. చీకటి కావాలి, ఆ చీకట్లో ఒంటరి చుక్క కావాలి. నెల్లూరు చుట్టూ పల్లెల్లో ఏం జరుగుతున్నదో ఆల్బనీ సభకు తెలియాల్సిన అవసరం రాలేదు.

ఇచ్చినవాళ్లందరూ ధనికులనుకోవద్దు. 1869లో మొదలైన మెథడిస్టు స్త్రీల సంఘం వారానికి రెండు సెంట్లు అడిగింది. బాప్టిస్టు స్త్రీలు 1871లో తమ సంఘాలు పెట్టుకున్నారు. ఇంట్లో బల్ల మీద చిన్న అట్టపెట్టె, అందులో చిల్లర. పిల్లలు మిఠాయి మానేసి వేసిన పెన్నీలు కూడా అందులో ఉన్నాయి. ఫలానా ఆదివారపు బడి ఫలానా బోధకుణ్ణి పోషిస్తుంది, ఫలానా తరగతి ఫలానా పిల్లను చదివిస్తుంది అనే పద్ధతి అప్పుడే పాతది. యాళ్పాణంలో అమెరికన్ బోర్డు వాళ్ల బోర్డింగు బళ్లల్లో అయితే చందా ఇచ్చినవాళ్లు ఎంచిన పేరే తమిళ పిల్లలకు పెట్టేవాళ్లు. బువ్వ పెట్టినందుకు పేరు తీసుకున్నారన్నమాట. ఇంకో పక్క రాక్‌ఫెల్లర్ లాంటి బాప్టిస్టు కోటీశ్వరుడి చమురు డబ్బు కూడా విదేశీ మిషన్లకు పారింది. 1905లో కాంగ్రిగేషనల్ బోర్డుకు ఆయన లక్ష డాలర్లు ఇచ్చినప్పుడు అది మురికి డబ్బంటూ ఆ సంఘం లోపలే పెద్ద గొడవైంది. ఇచ్చినవాడి చేతులు శుభ్రమా కాదా అని తగువాడుకున్నారు, మంచిదే. పుచ్చుకున్నవాడి గురించి మనం ఏం చెప్పి ఈ డబ్బు తెస్తున్నాం అన్న తగువు మాత్రం అంతగా రేగలేదు.

ఇప్పుడు కాలవ దగ్గరికి వద్దాం. 1876-78 కరువు మద్రాసు రాజధానిని ఊడ్చేసింది. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. సహాయపు పనుల్లో కూలి ఎంత తగ్గించవచ్చో తేల్చడానికి కలకత్తా నుంచి దిగిన సర్ రిచర్డ్ టెంపుల్, మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆ కూలితో గంపలు మోసినవాళ్లు ఎలా కూలిపోయారో ఆనాటి పాత్రికేయుడు విలియం డిగ్బీ రాశాడు. అలాంటి రోజుల్లో క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు, కొలతలు తెలిసినవాడు. తన దగ్గరి మాదిగ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఇది చిన్న సంగతి కాదు. మామూలుగా పని చోట మాదిగ మీద కేకలేసే మేస్త్రీ పైకులం వాడు. ఇక్కడ కేక వేసేవాడూ మాదిగే, రాత్రి పక్కన కూర్చుని వాక్యం చెప్పేవాడూ వాడే.

ఈ కూలి డబ్బు ఎవరిది? సర్కారుది. అంటే రైతుల శిస్తు నించి, ఉప్పు పన్ను నించి వచ్చినది. తవ్వినది ఎవరు? మనోళ్లు. తవ్విన మట్టికి లెక్కగట్టి కూలి తీసుకున్నారు. అది ధర్మం కాదు, కష్టార్జితం. క్లౌ పుస్తకం దీన్ని దాచలేదు, కాంట్రాక్టు తీసుకున్నానని తేటగానే చెప్పాడు. కరువు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాననీ, తిండి కోసం మతంలోకి వచ్చారన్న నింద పడకూడదనే అలా చేశాననీ చెప్పాడు. సహాయపు పనులు ముగిశాక 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. ముంచిన చేతులు తెలుగు చేతులే.

మరి అమెరికాకు చేరింది ఏమిటి? 2222 అనే అంకె చేరింది. అది పెంతెకొస్తు దినంతో పోలికై, పత్రికలకెక్కి, చందాపెట్టెలు నింపింది. 1890ల మొదట్లో క్లౌ స్వదేశం వెళ్లి 25 మంది కొత్త మిషనరీలు కావాలి, 50,000 డాలర్లు కావాలి అని అడిగితే ఆ అంకె ఆయన ముందు నడిచింది. మూడున్నర మైళ్ల మట్టి మాత్రం అంకె కాలేకపోయింది. ఎన్ని గంపలు, ఎంతమంది ఆడవాళ్లు, వాళ్లలో ఎందరు ఇళ్లకు తిరిగి చేరారు అనేవి చందా తెచ్చే లెక్కలు కావు. కూలి చేసి బతికిన మనిషి, వినేవాడి చెవిలో పడేసరికి దయతో బతికించబడ్డ మనిషైపోయాడు. మన చరిత్రలో జరిగిన మోసం ఇక్కడుందని మేము అనుకుంటున్నాం. ఎవరూ అబద్ధం ఆడలేదు. లెక్కలో ఒక వైపే రాశారు, అంతే.

ఎమ్మా పుస్తకానికి న్యాయం చేయాలి. ఆమె సామాన్యురాలు కాదు. బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకుంది. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో పుస్తకం వేసింది. సామాజిక సువార్త ఉద్యమానికి పెద్దదిక్కైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమెకు తమ్ముడు. ఆమె ముసలి మాదిగ బోధకుల్ని కూర్చోబెట్టి కథలు చెప్పించుకుంది. మాతంగి కథ, అరుంధతి కథ, ఊళ్లో మాదిగకున్న హక్కులు, బాధలు అందులో ఉన్నాయి. ముఖ్యంగా యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారం చేసినవాడు. క్రీస్తు మాట వినకముందే నాసరయ్య గురువు దారి తెలిసినవాడు, రాజయోగం అభ్యసించినవాడు, ఏకేశ్వరుణ్ణి వెతుకుతూ ఊళ్లు తిరిగినవాడు. అంటే 1866లో బాప్తిస్మం తీసుకునేనాటికి ఆయన ఖాళీ కుండ కాదు. ఈ సంగతి మనకు అచ్చులో మిగిలిందంటే అది ఎమ్మా పుణ్యమే. ఆనాటి మన అగ్రవర్ణ సంస్కర్తలు మాదిగ ముసలాయన పక్కన కూర్చుని ఇంత ఓపిగ్గా ఆయన జీవితకథ రాసుకున్న పుస్తకం ఏదైనా ఉంటే మాకు చూపించండి.

అయినా ఆ శీర్షిక చూడండి. చెప్పులు కుడుతూ! పేరయ్య తోళ్ల బేరగాడు, యోగి, గురువు, నాయకుడు. పుస్తకం అట్ట మీదికి వచ్చేసరికి చెప్పులు కుట్టే చేతులే మిగిలాయి. పాఠకుడు కొనేది ఆ చేతుల్ని. ఆమె పోగుచేసిన సాక్ష్యం ఒకటి చెప్తుంటే, పుస్తకం బజారుకు పోవడానికి వేసుకున్న వేషం ఇంకోటి చెప్తోంది. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ గురించి రాసేటప్పుడు హక్కు అనే మాట వాడిన కలం, మాదిగ దగ్గరికి రాగానే జాలి అనే మాటకు జారింది. ఇది ఎమ్మా ఒక్కామె బలహీనత అనం. చందా మీద నడిచే రచన అంతా ఈ వాలులోనే జారుతుంది.

ఇంతకీ మనోళ్లు ఇచ్చిందేమిటి? క్లౌ మాటల్లోనే దొరుకుతుంది, వెతికి తీసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆయన మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి మతనియమాల్లాగే ఉన్నాయి. పల్లె తెలిసినవాళ్లకు వీటి అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం రానని రెడ్డి ముందు, కరణం ముందు నిలబడి చెప్పడం అంటే వెట్టి ఎగ్గొట్టడం. విగ్రహాలకు మొక్కననడం అంటే జాతరలో డప్పు కొట్టననడం. చచ్చిన గొడ్డు ముట్టననడం అంటే ఊరికీ మాదిగపల్లెకూ ఉన్న పాత ఒప్పందాన్ని చింపేయడం. ఆ ఒప్పందంలో వెట్టి ఒక పక్కైతే కళ్లంలో గింజలు రెండో పక్క. మొదటిది మానితే రెండోదానికి ఎసరొస్తుంది. ఊరి కక్ష గురించి, కొట్లాటల గురించి క్లౌ రాశాడు. అలా పోయిన గింజలకు ధర కట్టి ఏ మిషన్ రిపోర్టు అయినా విరాళాల కింద జమ వేసిందా? బోస్టన్‌లో ఒక స్త్రీ మిఠాయి మానుకుని వేసిన సెంటు జమ అయింది. తాళ్లకొండపాడులో ఒక స్త్రీ కళ్లం గింజలు పోగొట్టుకుని పస్తుండడం జమ కాలేదు.

ఇంకోటి. బోధకుల బతుకు. గురువు ఊరికొస్తే శిష్యులు తిండి పెట్టాలి, అది పేరయ్య లాంటివాళ్లకు పాత అలవాటు. బోధకుడికి మిషన్ ఇచ్చే బత్తెం పూర్తిగా చాలేది కాదు, మిగతాది పల్లెలే భరించేవి. క్లౌ తెలివిగా ఆ పాత కట్టు మీదే తన పని నిలబెట్టుకున్నాడు. కాబట్టి అమెరికాలో 'మా బోధకుడు' అని చెప్పుకున్న ఆదివారపు బడి పెట్టింది సగమే. మిగతా సగం ఏ మాదిగ ఇంటి సంగటిముద్దో. పొయ్యి మీద ఎసరు పెట్టగానే ఒక పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే పద్ధతి మన ఆడవాళ్లది. కూలిగింజల్లోంచి తీసిన పిడికెడు అది. రెండు కాసులు వేసిన పేద విధవరాలి కథ మీద ప్రసంగం చేయని అయ్యగారు లేడు. పిడికెడు బియ్యం లెక్క రాసిన సావనీరు మాత్రం మాకు కనపడలేదు.

మనోళ్లు తిన్నారు, ఇంటి దగ్గరే పెట్టారు, అంతే కదా అనేవాళ్లకు నేటాల్ సంగతి చెప్పాలి. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అక్కణ్ణించి 1911 దాకా లక్షన్నర మందికి పైగా మన దేశం నుంచి నేటాల్‌కు కంట్రాటు కూలీలుగా పోయారు. మన కోస్తా జిల్లాలవాళ్లు అందులో చాలామంది. ఐదేళ్ల కంట్రాటు, నెలకు పది షిల్లింగులతో మొదలయ్యే జీతం. కంట్రాటు తీరాక అక్కడే ఉండిపోతే ఏడాదికి మూడు పౌన్ల పన్ను అని 1895లో చట్టం చేశారు. ఆ చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో తెలుగు బాప్టిస్టులూ ఉన్నారు. తమకు ఒక కాపరి కావాలని వాళ్లు కబురు పెడితే, 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య కుటుంబంతో సహా ఓడ ఎక్కాడు. పంపింది బోస్టన్ సంఘం కాదు, తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం. ఆ ఏడాది డిసెంబరు 27న కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య తోట తోటకూ తిరిగి 1915లో అక్కడే చనిపోయాడు.

విదేశీ మిషన్ అంటే తెల్లవాడు నల్లవాడి దగ్గరికి పోవడమే అని అందరం నేర్చుకున్నాం. ఇక్కడ కరువు తిన్న జిల్లాల పేద సంఘం సముద్రం దాటించి మనిషిని పంపింది. అక్కడ పది షిల్లింగుల కూలీ ఆ సంఘాన్ని నిలబెట్టాడు. ఇలాంటిది ఇదొక్కటే కూడా కాదు. అమెరికాలోనే, వర్జీనియా పొగాకు గిడ్డంగిలో బానిసగా పనిచేసిన లాట్ కేరీ 850 డాలర్లు కూడబెట్టి 1813లో తన స్వేచ్ఛ తానే కొనుక్కున్నాడు. 1815లో రిచ్‌మండ్‌లోని నల్లవాళ్లు పెట్టుకున్న మిషనరీ సంఘానికి ముందు నిలిచాడు. 1821లో పడమటి ఆఫ్రికాకు ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణాలు నడిపిన కాలనైజేషన్ సొసైటీ వెనక, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లను దేశం దాటించేద్దామనే తెల్లవాళ్లూ ఉన్నారు, అది మర్చిపోం. అయినా బానిసల చిల్లరతో ఓడ కదిలింది నిజం. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలింది కూడా బానిస యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగువు మీదనే. పంపమన్న ఉత్తరాది పక్షమే తర్వాత మన ఒంగోలును పోషించింది. లాట్ కేరీ పేరు, రంగయ్య పేరు ఒకే పేజీలో రాసి చదువుకోవాల్సిన రోజొచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, లెక్క తేలని ఈ ఖాతాను చూపించి అవతలివాళ్లు మనల్ని కొడుతున్నారు. బియ్యం క్రైస్తవులు, డాలర్ క్రైస్తవులు అనే తిట్టు వాళ్లదే కావచ్చు, దానికి సరుకు అందించింది మాత్రం చందా రిపోర్టులు. మనల్ని పుచ్చుకునేవాళ్లుగానే చూపిన బొమ్మ బోస్టన్‌లో జాలి పుట్టిస్తే, అదే బొమ్మ నాగపూర్‌లో అసహ్యం పుట్టించింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం మారిన దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసినప్పుడు కూడా, వీళ్లకు మిషన్ చూసుకుంటుందిలే అన్న ధీమా ఆ గాలిలో ఉంది. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చింది, 2010లో మారింది, 2020 సవరణతో ఒక సంస్థ పుచ్చుకున్న విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకుండా కట్టేశారు. 2024లో వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్, సంఘాల తరఫున దశాబ్దాలుగా సహాయపు పనులు చేసిన కాసా రిజిస్ట్రేషన్ రద్దయ్యాయి. ఇది ఎవరి మీద గురిపెట్టిన దెబ్బో మాకు తెలుసు, ఖండిస్తున్నాం. ఆ డబ్బుతో నడిచిన హాస్టళ్లలో చదువుకున్నవాళ్లు మా పాఠకుల్లోనూ ఉన్నారు.

కాని ఖండిస్తూనే మన ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. ఈ రోజుల్లో కొందరు పాస్టర్లు విదేశాలకు పంపే ఫోటోలు చూస్తే క్లౌ కాలం నయమనిపిస్తుంది. చింపిరి జుట్టు పిల్ల, ముక్కు కారుతున్న పిల్లాడు, వెనక కూలిన గోడ. ఆ పిల్లాడు బడికెళ్తున్నాడనీ, వాళ్లమ్మ ఉపాధి హామీ పనికెళ్లి మట్టి తవ్వి కూలి తెస్తోందనీ ఫోటో చెప్పదు. మూడున్నర మైళ్ల కాలవ దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతోంది. తేడా ఏమిటంటే, ఈసారి కెమెరా మనవాడి చేతిలో ఉంది.

క్లౌ పుస్తకాలనూ ఎమ్మా పుస్తకాలనూ అవతల పారేయమని మేము చెప్పడం లేదు. 1994లో ఈదుముడిలో దండోర మోగిన నేల కూడా ఆ ఒంగోలు సీమదే. ఆ నేల మాదిగ చరిత్రకు ఇవి వదులుకోలేని ఆధారాలు. వాటిని ఎడమచేతి పేజీగా పెట్టుకుని, కుడిచేతి పేజీ మనం రాయాల్సి ఉంది. దానికి సరుకు మన గుళ్లల్లోనే ఉంది. పాత సంఘాల్లో కానుకల పుస్తకాలు, పిడికెడు బియ్యం అమ్మిన లెక్కలు, స్త్రీల సమాజం మినిట్సు, బోధకులకు ఏ ఇంట్లో ఏ పూట భోజనమో రాసిన వంతుల కాగితాలు అక్కడక్కడా బీరువాల్లో చెదలు తింటున్నాయి. నేటాల్ నుంచి వచ్చిన ఉత్తరాలు కూడా ఎవరి ట్రంకుపెట్టెలోనైనా ఉండొచ్చు. మీ ఊళ్లో అలాంటివి ఉంటే అసలు కాగితాలు అక్కడే ఉంచి, జెరాక్సు తీయించి మాకు పంపండి. ఇచ్చినవాళ్ల ఇంటిపేర్లు చెరిగిపోయి ఉంటే, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి పక్కన పెన్సిలుతో రాయండి.